ఆరువందల్లో ఒకటి

తవిటయ్యను గుప్పెడు తవుడిచ్చి కొన్నారు. ఇది వెక్కిరింపు కాదు, టాటానగర్ సీతారాండేరాలో తెలుగువాళ్ళ ఇళ్ళ లైను మొత్తానికి తెలిసిన సంగతే. వాళ్ళమ్మ జోగమ్మకు అంతకుముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటి అసిరమ్మ చేతికిచ్చేసింది. అసిరమ్మ ఆ చేటలో తవుడు పోసి, "ఈ గుంటడు నావోడు, నాను కొనుక్కున్నాను" అని నలుగురికీ వినపడేలా అరిచి, మళ్ళీ జోగమ్మ ఒళ్ళోనే పడేసింది. "నా పిల్లణ్ణి నువ్వు పెంచు" అని చెప్పి వెళ్ళింది. చావు వెతుక్కుంటూ వస్తే ఇది వేరేవాళ్ళ సరుకని వెనక్కి పోతుందని వాళ్ళ నమ్మకం. శ్రీకాకుళం నుంచి ఇనుము కరిగించడానికి వచ్చినవాళ్ళు పెట్టేబేడాతో పాటు దీన్నీ మోసుకొచ్చారు.

ఈ బేరానికి ఒక షరతుంది. ముందు పోయినవాళ్ళకు ఏమొచ్చి పోయారో కొన్న పిల్లాడి చెవిన పడకూడదు. దాని పేరెత్తితే దానికి ఇంటి దారి చూపించినట్టే. జోగమ్మ ఈ షరతును ప్రాణంలా కాచుకుంది. కుర్రాడు ఎప్పుడైనా, "అమా, నాకంటే ముందోలు ఎలగ పోనారే?" అని అడిగితే, "జొరమొచ్చి పోనారు. నీకేటి ఆ గోల? బువ్వ తిను" అనేది. అన్నం ముద్ద నోట్లో కుక్కేది. తండ్రి అసిరయ్య కొలిమి దగ్గర కాంట్రాక్టు పని చేస్తూ తవిటయ్య ఎనిమిదో క్లాసులో ఉండగానే పోయాడు. ఇక ఆ మాట తెలిసినవాళ్ళు జోగమ్మ, అసిరమ్మ, ఇద్దరే మిగిలారు.

తవిటయ్య మెట్రిక్ అయ్యాడు, టైపు నేర్చుకున్నాడు, ఎవరి కాళ్ళో పట్టుకుని ఒక పెద్ద ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్లో కార్డులు కొట్టే పనిలో చేరాడు. పర్మనెంట్ కాదు, కాంట్రాక్టే. అయినా లైనులో కుర్రాళ్ళంతా మసి బట్టలతో షిఫ్టు దిగి వస్తుంటే వీడు చల్లటి ఏసీ గదిలోంచి తెల్ల చొక్కాతో వచ్చేవాడు. "ఏటిరా కలెక్టరూ, మిషనేటంటాది?" అని వాళ్ళు ఏడిపించేవాళ్ళు. "మిషను మీలాగ వాగదు. అడిగిందానికే చెప్తాది" అనేవాడు. అది జోకు కాదు. వాడు నిజంగానే అలా నమ్మాడు. చిన్నప్పటి నుంచి ప్రతి ప్రశ్నకూ అన్నం ముద్దే జవాబుగా తిన్నవాడికి, అడిగితే చెప్పే వస్తువు ఒకటి దొరికింది. నమ్మక ఏం చేస్తాడు?

అట్ట ముక్కలాంటి కార్డు. అందులో ఏ వరసలో కన్నం పడితే ఆ అంకె. ఒకడు కొట్టిన కార్డును ఇంకొకడు వెరిఫయర్ అనే మిషను మీద మళ్ళీ కొడతాడు. రెండూ కలిస్తే పాస్, కలవకపోతే ఎర్రదీపం. తవిటయ్యకు ఈ వెరిఫయర్ అంటే మహా గౌరవం. ఇద్దరూ ఒకే అబద్ధం కొడితే అది కూడా పాసే అన్న సంగతి వాడికి తట్టలేదు. మిషనుకైతే అసలే తట్టదు.

డెబ్భై ఎనిమిదిలో డాక్టర్ సన్యాల్ వచ్చాడు. బెంగాలీ, పిల్లల డాక్టరు. టెల్కో కాలనీలో, సీతారాండేరాలో, మాంగోలో తెలుగువాళ్ళ పిల్లలు కొందరు ఒకేలా చచ్చిపోతున్నారని ఆయన కనిపెట్టాడు. పిల్ల పుట్టినప్పుడు శుభ్రంగా ఉంటుంది. పాలు తాగుతుంది, నవ్వుతుంది. మూడో నెల వచ్చినా మెడ నిలబడదు. కాళ్ళు తడిగుడ్డల్లా పడుంటాయి. తర్వాత ఊపిరి తీయడానికి కూడా కండ చాలదు. ఏడాది తిరక్కుండా పోతుంది. పోయేదాకా కళ్ళు మాత్రం చురుగ్గా తిరుగుతూనే ఉంటాయి, అందర్నీ గుర్తుపడుతూనే ఉంటాయి. మన ఆడవాళ్ళు దీన్ని మెడవాలు అనేవాళ్ళు, అదీ గుసగుసగా. డాక్టర్ దగ్గర ఇంగ్లీషులో మూరెడు పేరుంది. మందు మాత్రం లేదు. కనీసం ఎవరి ఒంట్లో ఉందో ముందుగా చెప్పే రక్తపరీక్ష కూడా లేదు.

"తల్లిలో సగం, తండ్రిలో సగం దాక్కుని ఉంటుంది," అని సన్యాల్ హిందీలో చెప్పాడు. "రెండు సగాలూ ఒకే బిడ్డలో కలిస్తేనే బయటపడుతుంది. ఒక్క సగం ఉన్నవాడికి జీవితాంతం ఏమీ కాదు, వాడికి తెలియను కూడా తెలియదు. మీవాళ్ళు మేనమామ కూతుర్నీ అక్క కూతుర్నీ చేసుకుంటారు. తాతకున్న సగం రెండు దారుల్లో దిగి మునిమనవడిలో కలుసుకుంటుంది. పరీక్ష లేదు కాబట్టి లెక్క కట్టాలి. అది చేత్తో అయ్యే పని కాదు."

అందుకని ఆదివారాల్లో, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోవడానికి ఆయన ఎవర్నో పట్టుకుని అనుమతి తెచ్చుకున్నాడు. ప్రోగ్రామ్ రాసేవాడు బలరామ్. ఒడియావాడు, సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చే మనిషి. మనవాళ్ళ ఇళ్ళకెళ్ళి మాట్లాడటానికీ, తర్వాత కూర్చుని కార్డులు కొట్టడానికీ తవిటయ్య కావలసి వచ్చాడు.

పద్ధతి సులువే. ప్రతి మనిషికీ ఒక నంబరు. పక్కన తండ్రి నంబరు, తల్లి నంబరు. బాగున్నవాడికి ఒకటి, మెడవాలు ఉన్నవాడికి రెండు, తెలీకపోతే సున్నా. ఆ కార్డుల కట్ట మిషనుకు పెడితే అది ప్రతి ఇద్దరి దగ్గర్నుంచీ పైకి పాకుతూ పోయి, వాళ్ళ రక్తం ఎక్కడ కలిసిందో పట్టుకుని, వాళ్ళిద్దరూ పెళ్ళాడితే బిడ్డకు ఈ జబ్బు రావడానికి ఎన్నిట్లో ఎన్నోవంతు అవకాశమో అచ్చువేసి చూపిస్తుంది. పంతులు జాతకాలు చూసి పొంతన చెప్పినట్టే. కాకపోతే దక్షిణ అడగదు.

తవిటయ్య ప్రతి ఆదివారం డాక్టర్ వెనక తిరిగాడు. ఒక వారం తన ఇంటి వంతే వచ్చింది.

జోగమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఎంతమంది పిల్లలమ్మా?" అని తవిటయ్య అందర్నీ అడిగినట్టే తల్లినీ అడిగాడు, నవ్వుతూ.

"ఒక్కడే. ఆడూ నావోడు కాడు. అసిరమ్మ కొనుక్కున్నాది."

డాక్టర్‌కు తవిటయ్య తవుడు కథంతా చెప్పాడు. సన్యాల్ ముచ్చటపడిపోయాడు. "వండర్‌ఫుల్!" అన్నాడు. "మరి ముందు పోయిన ముగ్గురు?"

తవిటయ్య తల్లినడిగాడు. జోగమ్మ డాక్టర్‌ని చూడలేదు, కొడుకునే చూసింది. తను మోస్తున్న నీళ్ళకుండ ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చూసింది.

"జొరం," అంది. "ముగ్గురికీ జొరమే. నాకు పొయ్యి మీద పనున్నాది."

సోమవారం బలరామ్, "జ్వరంతో పోతే మన జబ్బు కాదు, ఒకటి కొట్టెయ్" అన్నాడు. తవిటయ్య తన అన్నలకీ అక్కకీ వరసగా ఒకటి, ఒకటి, ఒకటి కొట్టాడు. వెరిఫయర్ మీద ఇంకో కుర్రాడు ఒకటి, ఒకటి, ఒకటి కొట్టాడు. ఎర్రదీపం వెలగలేదు.

ఇక పైడితల్లి సంగతి. జోగమ్మ తమ్ముడు పోలరాజు టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. మాంగోలో ఇల్లు. తమ్ముడే గానీ అక్క పిల్లలు పోయిన రోజుల్లో వాడు ఎక్కడో ఖరగ్‌పూర్‌లో పనిలో ఉన్నాడు. వాడికీ చేరిన మాట జ్వరమే. వాడి కూతురు పైడితల్లి. హిందీ స్కూల్లో చదివింది. అత్త తెలుగులో తిడితే హిందీలో జవాబిచ్చే రకం. తవిటయ్యకు ఆ పిల్లంటే ప్రాణం. పిల్లకూ అంతే, కాకపోతే బయటపడేది కాదు.

"ఏం బావా, నీ మిషన్‌కి ఎందరు పెళ్ళాలు?" అనేది.

"దానికి పెళ్ళామక్కర్లేదే. కార్డులు తిని బతికేస్తాది."

"అచ్ఛా. మరి నీకు అన్నమొండే మనిషి ఎందుకు? నువ్వూ కార్డులే తిను."

మేనమామ కూతురు, మేనత్త కొడుకు. ఎవరూ కొత్తగా నిర్ణయించే పని లేదు, పుట్టినప్పుడే అయిపోయిన నిర్ణయం. పోలరాజు అరటిపళ్ళు పట్టుకుని మాట ఖాయం చేసుకోవడానికొచ్చాడు. జోగమ్మ వద్దు పొమ్మంది.

పోలరాజు నమ్మలేదు. "ఏటప్పా, ఎకసెక్కాలాడతన్నావా?"

"కాదురా. ఆ గుంటకి నోరెక్కువ. అంబలి కాయడం కూడా రాదు. నా కొడుక్కి వేరే సంబంధం సూత్తాను."

"మేనరికం కాదంటావా? నా కూతురుకేటి, కుంటా గుడ్డా? బావ పోనప్పుడు నీ ఇంటికి బియ్యం మోసింది ఎవరే?"

"మా ఆయన పోనప్పుడు నువ్వే మోసినావు. ఆ బియ్యానికి ఇప్పుడు నా కొడుకుని అడగతన్నావా?"

పోలరాజు అరటిపళ్ళు గుమ్మంలో గిరాటేసి పోయాడు. జోగమ్మ ఆ మాట ఎందుకందో తనకే తెలీలేదు. తమ్ముడంటే ఆమెకు ప్రాణమే. కానీ అసలు కారణం నోటికి రానివ్వకూడదు కనక, నోటికి ఏదొస్తే అది అంది. ఒకరోజు హిందీ అంది, ఒకరోజు పిల్ల నడక బాలేదంది, ఇంకోరోజు తమ్ముడి పెళ్ళాం గయ్యాళి అంది. అబద్ధాలు పోగుపడేకొద్దీ తవిటయ్యకు పట్టుదల పెరిగింది.

ఆ మధ్యలోనే ఆమె అసిరమ్మ దగ్గరికి వెళ్ళి ప్రాధేయపడిందట. "నాను కన్నదాన్ని, నా నోట రాకూడదు. నువ్వు కొన్నదానివి కదా, నువ్వు సెప్పవే ఆడికి" అని. అసిరమ్మ చెంపలు వాయించుకుంది. "ఆడు నా కొడుకు. నా నోటితో నా కొడుకుని సంపమంటావా ఒలే?" అంది. ఈ సంగతి తవిటయ్యకు ఏళ్ళ తర్వాత తెలిసింది.

వాడు మాత్రం తన దేవుణ్ణి అడిగాడు. ఒక ఆదివారం డాక్టర్ లేనప్పుడు బలరామ్‌తో, "దాదా, నా నంబరూ పైడితల్లి నంబరూ పెట్టి చూడు" అన్నాడు. బలరామ్ సిగరెట్టు నోట్లో పెట్టుకునే రెండు నంబర్లూ ఇచ్చాడు. మిషను గొణిగింది, కాగితం కక్కింది. ఆరువందల నలభైలో ఒకటి.

"బాప్ రే," అన్నాడు బలరామ్. "ఈ రోడ్డు మీద లారీ కింద పడటానికి ఇంతకంటే ఎక్కువ ఛాన్సుంది. చేసుకో పో. నాకు రసగుల్లాలు తే."

తవిటయ్య ఆ కాగితం పట్టుకెళ్ళి తల్లి ముందు పరిచాడు.

"సూడు. మేనరికమైనా ఏటీ కాదట. ఆరువందల్లో ఒకటి. నీకు పిల్ల నచ్చకపోతే నచ్చలేదని సెప్పు. అంతేగాని పిచ్చి సాకులు సెప్పకు."

"ఆ కాయితం దేవుడేట్రా?"

"దేవుడి కంటే నయం. అడిగితే సెప్తాది."

జోగమ్మ నోరు తెరిచింది. ఏదో అనబోయింది. ఎదురుగా ఇరవయ్యెనిమిదేళ్ళ కొడుకు, మెడ నిటారుగా, ఛాతీ విరుచుకుని నిలబడున్నాడు. ఆ మెడ చూసి మళ్ళీ నోరు మూసేసుకుంది.

"నా మాట మీద నమ్మకం లేదురా నీకు," అని మాత్రం అంది.

"మాట సెప్తే కదే నమ్మడానికి!"

డెబ్భై తొమ్మిది వేసవిలో పెళ్ళయింది. జోగమ్మ తలంబ్రాల దగ్గర కూడా నోరు విప్పలేదు. జనం పొగరనుకున్నారు.

మరుసటేడు కొడుకు పుట్టాడు. పుట్టినప్పుడు శుభ్రంగా ఉన్నాడు. పాలు తాగాడు, నవ్వాడు. పోలరాజు పాత కోపాలన్నీ మరిచి లైనంతా లడ్డూలు పంచాడు. పైడితల్లి బాబును ఎత్తుకోవడం ఇంకా చేతగాక కిందా మీదా పడుతుంటే తవిటయ్య ఎగతాళి చేసేవాడు. జోగమ్మ మాత్రం బిడ్డను ఎత్తుకున్న ప్రతిసారీ ఎడంచెయ్యి మెడ వెనక పెట్టి, మెల్లగా తీసి, మళ్ళీ పెట్టేది. ఎవరూ గమనించలేదు.

మూడో నెల దాటింది. ఒకరోజు పొద్దున్న పైడితల్లి బిడ్డకు నీళ్ళు పోసి, తుడిచి, భుజానికెత్తుకుంది. తల వెనక్కి వాలిపోయింది. కొమ్మకు వేలాడే కాయలా.

"అత్తా, దేఖో న, వీడింకా తల నిలబెట్టడం లేదు. బద్ధకం. అచ్చం బావలాగే."

జోగమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూసింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.  ముప్ఫై ఏళ్ళుగా పళ్ళ మధ్య నొక్కిపెట్టిన మాట ఒక్కసారిగా బయటపడింది.

"ముగ్గురూ ఇలగే. నా తల్లో, ముగ్గురూ ఇలగే పోనారు."

తవిటయ్య అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్నాడు. చొక్కా గుండీ పెట్టుకుంటున్న చెయ్యి అక్కడే ఆగింది.

"ఏటన్నావు?"

  వాడు గుక్కతిప్పుకోకుండా అరిచాడు. లైనంతా బయటికొచ్చింది.

"జొరమన్నావు కదే! డాక్టర్ ముందు నిలబడి జొరమన్నావు! కాయితం నీ కాళ్ళ దగ్గర పరిచి అడిగినాను. నోరు లేదా నీకు? నోరు లేదా?"

"ఉన్నాది," అంది జోగమ్మ, చాలా నెమ్మదిగా. "దాన్ని మూసుకున్నాను కాబట్టే నువ్వు బతికున్నావు."

  ఆమె నిజంగా అలాగే నమ్మింది. వాడు మిషన్ను నమ్మినట్టే.

డాక్టర్ సన్యాల్ బిడ్డ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాళ్ళు కదల్లేదు. నాలుక చూశాడు, అది సన్నగా వణుకుతోంది. తల పంకించాడు. తర్వాత తవిటయ్య చెప్పిందంతా విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన ముఖంలో జాలితో పాటు ఇంకోటి కనపడింది. దాచుకోవాలని చూశాడు గానీ దాగలేదు.

"అంటే ఆ ముగ్గురూ కేసులేనన్నమాట! ఈ బాబుతో నాలుగు. ఒకే కుటుంబంలో రెండు తరాలు! తవిటయ్యా, మొత్తం సర్వేలో మీ అంత విలువైన కుటుంబం ఇంకోటి లేదు."

తవిటయ్య ఒళ్ళో బిడ్డ కళ్ళు తిప్పి డాక్టర్‌నే చూస్తున్నాడు.

ఆదివారం మళ్ళీ లెక్క వేశారు. పాత కార్డులు మూడు చించేసి కొత్తవి కొట్టాలి. బలరామ్ తను కొడతానన్నాడు. తవిటయ్య వినలేదు. రెండు, రెండు, రెండు కొట్టాడు. బలరామ్ రెండుసార్లు ఆడించాడు. మొదటిసారి, బాబు పుట్టక ముందే నిజం చెప్పి ఉంటే మిషను ఏమనేదో. ఇరవై నాలుగులో ఒకటి. రెండోసారి బాబు కార్డు కూడా కలిపి. నాలుగులో ఒకటి. ఇక పుట్టబోయే ప్రతి బిడ్డకూ అంతే.

తవిటయ్య ఆ రెండిట్లో మొదటి కాగితాన్నే చేతిలోకి తీసుకున్నాడు.

"దాదా, ఇరవై నాలుగులో ఒకటి అని అప్పుడే తెలిస్తే నేను ఆగిపోయేవాణ్ణా?"

బలరామ్ సిగరెట్టు ఆర్పేశాడు. "నాకేం తెలుసు భాయ్? ఇరవై మూడు మంచివే కదా."

"అదే. నాకూ తెలీటం లేదు."

అమ్మను తిట్టుకోవడానికి కూడా పూర్తిగా వీల్లేకుండా పోయింది. అది వాణ్ణి అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పాడు, ఓదార్పనుకుని. "మీలో ఎవరి తప్పూ లేదు. నువ్వు ఇంకెవర్ని చేసుకున్నా, ఆమె ఇంకెవర్ని చేసుకున్నా, దాదాపు భయం లేదు. మీ ఇద్దరూ కలవడంలోనే ఉంది." అక్కడే ఉన్న పైడితల్లి ఆ మాట విన్నది. 

బాబు తొమ్మిదో నెలలో పోయాడు. పోయేదాకా తండ్రి గొంతు వినపడితే కళ్ళు తిప్పి వెతికేవాడు. అంతకు మించి రాయడానికేమీ లేదు.

ఏడాది గడిచింది. పైడితల్లి ఇంకో బిడ్డ కావాలంది.

"నాలుగులో మూడు మంచివే కదా బావా."

"నాలుగులో మూడన్నది నలుగురికి లెక్క కాదే. ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచే. మా అమ్మకు నలుగురు పుడితే ఎందరు దక్కినారో సూడు."

"ఒకడు దక్కాడు. ఆ ఒక్కడే చాలని మీయమ్మ అనుకుంది. అందుకే నువ్వున్నావు, నాకు లెక్కలు చెప్పడానికి!"

"నాను మళ్ళీ ఆ కళ్ళు సూడలేను."

"నేను చూస్తాను. నువ్వు డ్యూటీకి పో."

ఇలాంటి పోట్లాట ఎన్నోసార్లు జరిగింది. ప్రతిసారీ ఆమె గెలిచింది, ఎందుకంటే ఆశ ఆమె వైపుంది. వాడి దగ్గర ఉన్నది అచ్చువేసిన కాగితం ఒకటే. ఓడిపోయిన ప్రతిసారీ వాడికి భయం పెరిగింది. ఏదో ఒక రాత్రి తనే మెత్తబడిపోతానని భయం.

ఎమర్జెన్సీలో మగాళ్ళను లారీలెక్కించి తీసుకెళ్ళి పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ ఉందే, ఆ తర్వాత ఏ మగాడూ ఆ పేరెత్తితే దగ్గరికి రాలేదు. తవిటయ్య తనంతట తనే క్యాంపుకెళ్ళి వరసలో నిలబడ్డాడు. వరసలో ఇంకెవరూ లేరు. కాంపౌండరు వీణ్ణి ఎగాదిగా చూశాడు. "పిల్లలెంతమంది?" అన్నాడు. "ఇద్దరు" అని అబద్ధం చెప్పాడు. పనయ్యాక ఒక ప్లాస్టిక్ బకెట్టు బహుమానమిచ్చారు. ఆ రంగు బకెట్టు ఏ ఇంటి ముందు కనపడినా లైనంతా నవ్వుతుంది. వాడు దాన్ని బయట రిక్షావాడికిచ్చేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. గజ్జల్లో సెగ్గడ్డ లేచిందని చెప్పి రెండు రోజులు పడుకున్నాడు. పైడితల్లి పసుపు కాపడం పెట్టింది.

చెప్పలేదు. పెళ్ళాన్ని వదులుకోలేక చేసిన పని అది. చెబితే ఆమె ఉండదని తెలుసు. అందుకని చెప్పలేదు.

ఆ తర్వాత వాడు బిడ్డ వద్దనడం మానేశాడు. ఆమె నెల నెలా ఎదురుచూసింది. మొక్కులు మొక్కింది. జోగమ్మతో కలిసి ఉపవాసాలుంది. అత్తా కోడళ్ళకు జన్మలో మొదటిసారి పొత్తు కుదిరింది. పెరట్లో ఇద్దరూ కూర్చుని తెలుగూ హిందీ కలిపి మాట్లాడుకుంటుంటే తవిటయ్య అన్నం సగంలో లేచిపోయేవాడు. రెండేళ్ళు చూసి ఆమె, లోపం తనలోనే ఉందేమోనని ఆసుపత్రికెళ్ళింది. అక్కడ పాత క్యాంపు కాంపౌండరే కూర్చునున్నాడు. భర్త పేరు అడిగాడు, ఎక్కడ పనిచేస్తాడో అడిగాడు. "అరే, తనంతట తనే నడిచొచ్చిన మనిషి!" అన్నాడు. ఒంటరిగా వరసలో నిలబడ్డవాణ్ణి ఎవడు మర్చిపోతాడు?

ఆమె ఇంటికొచ్చి అరవలేదు. గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడింది.

"నాకు కాపడం పెట్టే పని కూడా ఇచ్చావు కదా బావా."

తవిటయ్య తల దించుకున్నాడు.

"నన్ను అడిగావా? వద్దనుకునే హక్కు నీకుంటే, కావాలనుకునే హక్కు నాకు లేదా? రెండేళ్ళు. రెండేళ్ళు నా కడుపును నేనే తిట్టుకున్నాను."

"నువ్వెల్లిపోతావని..."

"వెళ్తున్నాను. నిజం తెలిసినందుకు కాదు, అది నువ్వు చెప్పనందుకు. డాక్టర్ చెప్పాడు కదా, నాకు ఇంకెవరితోనైనా భయం లేదని? ఆ రోజు అది తిట్టులా వినపడింది. ఇప్పుడు వినపడటం లేదు."

వెనక గదిలోంచి జోగమ్మ అంతా విన్నది. కొడుకు వంక చూసింది.  వాణ్ణి అనే హక్కు ఆమెకెక్కడుంది?

మనవాళ్ళలో మారుమనువుకు అడ్డులేదు. పోలరాజు కులపెద్దలను పిలిచాడు. పెద్దల ముందు మొగుడు పుల్ల విరిచి రెండు ముక్కలూ చెరోవైపు పడేస్తే తెగినట్టు. తవిటయ్య విరిచాడు. పోలరాజు ఏడ్చాడు, పెద్దలు టీ తాగారు. ఆ ఎండాకాలమే పైడితల్లిని చక్రధర్‌పూర్‌లో ఒక రైల్వే మనిషికిచ్చారు. బంధువు కాదు, ఏ వరసా తగలని మనిషి.

సన్యాల్ రాసిన వ్యాసం ఎక్కడో అచ్చయింది. ఆయనకు కలకత్తాలో పెద్ద ఉద్యోగం వచ్చింది. పోతూ పోతూ ఒక కాపీ తవిటయ్యకిచ్చి వెన్ను తట్టాడు. అందులో మగాళ్ళంటే చదరాలు, ఆడాళ్ళంటే గుండ్రాలు. జబ్బుతో పోయినవాళ్ళకు నల్లరంగు నింపారు. తవిటయ్య ఖాళీ చదరం, పైడితల్లి ఖాళీ గుండ్రం, కింద చిన్న నల్లచదరం. రక్తసంబంధం ఉన్న పెళ్ళికి ఒక గీత కాదు, జంటగీతలు గీస్తారట. విడిపోయారని చూపించడానికి ఆ గీతల మీద అడ్డంగా ఇంకో గీత కొట్టాలట, బలరామ్ చెప్పాడు. సన్యాల్ అది కొట్టలేదు. ఆయన లెక్కకు అది అక్కర్లేదు. అచ్చులో వాళ్ళింకా మొగుడూ పెళ్ళాలే.

కార్డుల కాలం అయిపోతోంది. తెరల మిషన్లొచ్చాయి. కాంట్రాక్టు వాళ్ళను ఒక్కొక్కళ్ళనే పంపేస్తుంటే తవిటయ్య తన వంతు రాకముందే మానేసి, స్టేషన్ దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడు. జోగమ్మ బతికే ఉంది. వండుతుంది, పెడుతుంది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ.

ఎనభై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం టాటానగర్ ప్లాట్‌ఫారం మీద పార్సెల్ రసీదుల కోసం వెళ్ళినప్పుడు పైడితల్లి కనపడింది. కొంచెం లావైంది. పక్కన ట్రంకుపెట్టె మీద రెండేళ్ళ కుర్రాడు నిలబడున్నాడు. తవిటయ్య పైడితల్లి ముఖం చూడలేదు. మొదట వాడి మెడే చూశాడు. షంటింగ్ ఇంజను కూత వేస్తూ పోతుంటే వాడు దాంతో పాటే తల తిప్పుతూ, అది కనపడనంత దూరం పోయేదాకా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

అతను దేన్ని చూస్తున్నాడో పైడితల్లికి తెలిసింది.

"నాలుగో నెలకే నిలబెట్టాడు," అంది.

"మంచిది."

"అత్త ఎలా ఉంది?"

"ఉన్నాది."

 మేనబావ కాకుండా పోడు, మరదలు కాకుండా పోదు. పుల్ల విరిచినా ఆ వరస తెగదు. ఆ వరసన ఆమె బిడ్డ అతనికి కొడుకవుతాడు. పైడితల్లి కుర్రాడి భుజం తట్టింది.

"పెదనాన్నరా. నమస్తే చెప్పు."

వాడు చెప్పలేదు. "ఇంజన్ కహాఁ గయా?" అని అడిగాడు.

తవిటయ్య తెలుగులో జవాబు చెప్పబోయి, వాడికి తెలుగు రాదని తోచి, ఇంజను పోయిన వైపు చెయ్యి చూపించాడు.